బకెట్టు నీళ్లా, నీలి నీళ్లా

కంప్యూటర్లు బాగుచేసే పనిలో కొత్తగా చేరినవాళ్లు ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. పాతది తీసేసి కొత్తది పెట్టాలా? నీళ్లతో చల్లబరిచే సామాను విషయంలో ఈ ప్రశ్న మరీ ఎక్కువ. కొత్త పంపు వచ్చింది, కొత్త రాగి బిళ్ల వచ్చింది, మార్చితే లాభమేనా అంటారు. నేను మార్చమనీ అనను, వద్దనీ అనను. ఎన్ని డిగ్రీలు తేడా అని అడుగుతాను. ఆ తర్వాత, ఆ గదిలోకి ఎవరెవరు వస్తారని అడుగుతాను. మొదటిదానికి అందరూ జవాబు చెబుతారు. రెండోదానికి నా మొహం వైపు చూస్తారు.

ఆ రెండో ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మొదట చక్కెర మిల్లులో వేడి కొలిచాను, తర్వాత నిజామాబాద్‌లో దుకాణం పెట్టి కంప్యూటర్ల వేడి కొలిచాను. వస్తువు మారింది కానీ పని మారలేదు. ఒకచోట పుట్టిన వేడిని నీళ్ల మీద ఎక్కించి ఇంకోచోటికి తీసుకుపోయి గాలికి వదిలేయాలి. అంతే. దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నాక కూడా చాయ్ గ్లాసు పట్టుకుని డిగ్రీలు చెబుతున్నానని మా ఇంట్లో ఫిర్యాదు.

థర్మామీటర్ పక్కన గుడ్డు

ఎనభైలలో బోధన్ వైపు ఒక మిల్లులో నా పని, పైపుల వెంట తిరిగి థర్మామీటర్లు చూసి ఫోర్‌మన్ నర్సయ్య సార్‌కు అంకెలు చెప్పడం. పైపుకు ఒక చిన్న గిన్నె అతికించి ఉండేది. గిన్నెలో నీళ్లు, నీళ్లలో థర్మామీటర్. పైపులో చెరుకు రసం ఎంత వేడిగా ఉందో అది చెప్పేది.

ఒక సీజన్‌లో ఒక్క గిన్నె దగ్గర మాత్రం మధ్యాహ్నం పూట వేడి పడిపోయేది. నేను ఆ లెక్క పట్టుకుని కూర్చున్నాను. మంజీర వైపు నుంచి వచ్చే గాలి గోడలోని ఒక కంతలోంచి దూరి పైపును చల్లబరుస్తోందని కాగితం రెండు వైపులా లెక్క వేసి నిరూపించాను. గోడ కట్టాలని కూడా రాశాను.

నర్సయ్య సార్ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకుని నడువు అన్నాడు. అన్నం వేళకు ఇద్దరం వెళ్లి చూశాం. గిన్నెలో థర్మామీటర్ పక్కన కోడిగుడ్డు ఉడుకుతోంది. ఎవరో రోజూ చల్లటి నీళ్లు పోసి గుడ్డు వేసుకుంటున్నారు. సార్ ఆ గుడ్డు తీసి, పొట్టు ఒలిచి, సగం నాకు పెట్టాడు.

"అంకె తప్పు కాదు లింబాద్రీ. గుడ్డు సంగతే నువ్వు అడుగలే" అన్నాడు.

ఆయన చెప్పిన ఇంకో మాట కూడా రాసిపెడతాను. రసం కాగే గొట్టాల లోపల పాచిలాగా గట్టి పొర పేరుకుంటుంది. మిల్లు ఆపి, మనుషులు పొడుగాటి బ్రష్షులు దూర్చి తోమేవాళ్లు. అది చూపించి సార్ అనేవాడు: "నీళ్లు పోయే తొవ్వల మన బ్రష్షు గూడ పోవాలె. లేకుంటే గా తొవ్వ మనది కాదు."

ఈ రెండు మాటలూ నాకు కంఠతా వచ్చు. కంఠతా రావడం వేరు, సమయానికి గుర్తుకు రావడం వేరు అని తర్వాత తెలిసింది.

తామర పువ్వు విచ్చుకునే గది

మిల్లు వదిలి పట్నంలో దుకాణం పెట్టాక నాకు దొరికిన గిరాకీల్లో సాయిలు ఒకడు. గాంధీచౌక్ దగ్గర సందులో ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల వీడియో తీసి, కంప్యూటర్‌లో ఎక్కించి, పాటలూ పువ్వులూ కలిపి ఇస్తాడు. దాన్ని మిక్సింగ్ అంటారు. కింద అతని తల్లి రాజవ్వ, వాకిట్లో నలుగురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుట్టేది. పైన రేకుల గదిలో కంప్యూటర్ పెళ్లిళ్లు చుట్టేది.

ఆ రోజుల్లో మా వైపు పెళ్లి, తామర పువ్వులోంచి పెళ్లికొడుకు బయటికి వస్తే గానీ పూర్తయినట్టు కాదు. పెళ్లికూతురు చంద్రుడిలో కనబడాలి. ఇద్దరూ గుండె ఆకారంలో గుండ్రంగా తిరగాలి. చూసేవాళ్లకు అది ఒక రెప్పపాటు. కంప్యూటర్‌కు మాత్రం ఎండుమిర్చి దంచినంత చాకిరీ. ఎండాకాలం రేకుల కింద ఆ చాకిరీ చేయలేక సగం విచ్చుకున్న పువ్వు మీదనే టక్కున ఆగిపోయేది. ఆగితే మళ్లీ మొదటి నుంచి. గణపతి పూజ నుంచి.

నేను లెక్క వేసి ఒక సెట్టు తయారుచేశాను. కంప్యూటర్ గుండె మీద ఒక రాగి దిమ్మ. దానికి లేత్ మిషన్ మీద పెన్సిల్ దూరేంత కంతలు కొట్టించాను. ఇరవై లీటర్ల రంగు డబ్బా బకెట్టు, అందులో ఎయిర్ కూలర్ పంపు. కిటికీకి ఆనించి పాత జీపు రేడియేటర్, దాని ముందు టేబుల్ ఫ్యాను. నీళ్లు బకెట్టులోంచి రాగి దిమ్మలోకి, అక్కడి నుంచి జీపు రేడియేటర్‌లోకి, మళ్లీ బకెట్టులోకి. చూడ్డానికి ఆసుపత్రిలో బర్రెకు గ్లూకోజ్ ఎక్కించినట్టు ఉండేది. కానీ మూడు ఎండాకాలాలు ఒక్క పువ్వు కూడా మధ్యలో ఆగలేదు.

ప్రతి ఏడాదీ బకెట్టు కడిగేటప్పుడు అడుగున ఎర్రటి మడ్డి కనబడేది. జీపు రేడియేటర్ తుప్పు అనుకున్నాను. దాన్ని ఎండబెట్టి తూచాను. ఈ చొప్పున కరిగితే రేడియేటర్ తొమ్మిదేళ్లు వస్తుందని సాయిలుకు లెక్క చెప్పాను. ఆ లెక్కను గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఐదు డిగ్రీలు

తర్వాత సాయిలు హైదరాబాద్ పోయి కొత్త సెట్టు చూసి వచ్చాడు. అరచేతిలో పట్టే పంపు, అద్దంలాంటి గొట్టాలు, కంప్యూటర్ ముందు భాగంలోనే ఇమిడిపోయే చిన్న నీళ్ల తొట్టి, తొట్టిలో నీలి నీళ్లు, వాటి వెనుక దీపం.

"బకెట్టు సూసి పార్టీలు నవ్వుతున్నరన్నా" అన్నాడు నాతో. "పెండ్లి మిక్సింగ్ చేస్తున్నవా, బర్రెలకు కుడితి కలుపుతున్నవా అంటున్నరు."

సామాను తెప్పించాడు. నేను రెండూ కొలిచాను. అదే గది, అదే ఎండ, అదే తామర పువ్వు. పాత సెట్టు మీద యాభై ఆరు డిగ్రీలు, కొత్త సెట్టు మీద యాభై ఒకటి. ఆ కంప్యూటర్ డెబ్బై దాటితే ఆగిపోతుంది.

కొత్తది మంచిది కాదని నేను చెప్పను. నిజంగానే మంచిది. దాని రాగి బిళ్ల లోపల వెంట్రుకల్లాంటి సన్నటి దారులు ఉన్నాయి. నీళ్లు ఎక్కువ రాగిని తాకుతాయి కాబట్టి ఎక్కువ వేడిని మోసుకుపోతాయి. చప్పుడు లేదు, గదిలో చోటు మిగిలింది, ఫ్యాను సాయిలు మొహం వైపు తిరిగింది. అయితే ఆ ఐదు డిగ్రీలతో సాయిలుకు పని పెరగదు. ఆరడుగుల మనిషి పదడుగుల మంచం మీద పడుకుంటే నిద్ర ఎక్కువ రాదు.

ఇదే చెప్పాను. షోకు కోసం అయితే పెట్టుకో, పని కోసం అయితే అక్కర్లేదు, పెట్టుకుంటే బ్యాటరీ దుకాణంలో దొరికే శుద్ధమైన నీళ్లు తప్ప వేరే చుక్క పోయకు, పాత సెట్టును మాత్రం విప్పకుండా ఒక మూల ఉంచు అన్నాను. సాయిలు తల ఊపాడు. పాత సెట్టును కిందికి దించి, జర భద్రంగా పెట్టవ్వా అని తల్లికి అప్పగించాడు. రాజవ్వ ఇంట్లో భద్రంగా పెట్టడం అంటే దాన్ని ఏదో ఒక పనిలో పెట్టడం అని మా ఇద్దరికీ తట్టలేదు.

పోశెట్టి చూడని పెళ్లి

ఆ ఎండాకాలమే ఎడపల్లిలో పోశెట్టి కూతురి పెళ్లి జరిగింది. పోశెట్టి చెరుకు రైతు. సరిగ్గా ముహూర్తానికి కరెంటు పోయింది. జనరేటర్ వాడు ఎటో పోయాడు. పోశెట్టి తానే పందిరి వెనక్కి ఉరికి, తాడు చుట్టి లాగి లాగి జనరేటర్ నడిపించాడు. డీజిల్ చేతులు కడుక్కుని వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది, జనం అక్షింతలు దులుపుకుంటున్నారు.

ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆ ఒక్క పెళ్లి ఆయన చూడలేదు.

వారం వారం బస్సెక్కి స్టూడియోకు వచ్చేవాడు. చేతిలో ఒక చెరుకు మోపు ఉండేది. అయ్యిందా అని అడిగేవాడు. కాలేదంటే చెరుకు అక్కడ పెట్టి పోయేవాడు. పెళ్లి ఎండాకాలంలో అయితే సీడీ దసరాకు రావడం మా పట్నంలో ఆలస్యం కింద లెక్క కాదు. ఆ స్టూడియోలో అందరికీ పళ్లు అరిగిపోయాయి కానీ మిక్సింగ్ కాలేదు. పువ్వులు లేకుండా ఊరికే చూడు పటేలా అని నేను ఒకసారి అన్నాను. సాయిలు ఒప్పుకోలేదు. పువ్వు పెట్టకముందు చూపిస్తే ఇజ్జత్ పోతుందట. పోశెట్టి కూడా ఒప్పుకోలేదు.

"బిడ్డ, అల్లుడు పక్కన కూసుంటెనే సూస్త సార్. ఒక్కన్నే సూసుడు ఎందుకు? గప్పుడు గూడ ఒక్కన్నే ఉన్న గద, జనరేటర్ కాడ."

దసరా సాయంత్రం కూతురూ అల్లుడూ వస్తున్నారు. ఊళ్లో తెర కడుతున్నారు. ఆ సాయంత్రానికి ఇస్తానని సాయిలు తల్లి మీద ఒట్టేశాడు. ఇంకో సంగతి. సాయిలు తీసిన క్యాసెట్ మీదనే తర్వాత ఇంకో పెళ్లి తీసేశాడు, అది వాళ్ల వ్యాపారంలో మామూలే. పోశెట్టి కూతురి పెళ్లి ఆ కంప్యూటర్ కడుపులో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

దసరా పొద్దున

పండుగ పొద్దున సాయిలు మిషన్‌ను మిక్సింగ్‌లో పెట్టి స్నానానికి దిగాడు. ఆరేడు గంటల పని. తిరిగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. పక్కింటి ఫోన్ నుంచి నన్ను పిలిచాడు. వెళ్లి మూత విప్పాను. నీలి నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

రాగి బిళ్ల విప్పితే లోపల వెంట్రుకల దారులన్నీ ముద్దతో నిండిపోయి ఉన్నాయి. పసుపు, కుంకుమ, రెండు మూడు బియ్యం గింజలు. సూది పెట్టి గీకాను. పళ్లు తోమే బ్రష్షు పెట్టాను. ముద్ద ఇంకా లోపలికి పోయింది. నర్సయ్య సార్ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ తొవ్వ మాది కాదు.

రాజవ్వ గడపలో కొబ్బరి చిప్ప పట్టుకుని నిలబడి ఉంది. దసరా నాడు మా వైపు కత్తెర నుంచి లారీ దాకా ప్రతి పనిముట్టుకూ పూజ చేస్తారు. పండుగ పూట కూడా కొడుకు మిషన్‌ను ఆపకుండా నడిపిస్తున్నాడని ఆమెకు కోపం వచ్చింది. పాపం అలిసిపోతుందని, తొట్టి మూత తిప్పి, గోదావరి నీళ్లు, పసుపు కుంకుమ కలిపి చెంచాతో పోసింది.

"గండ్ల పోసినవేందే అవ్వా" అని సాయిలు తల పట్టుకున్నాడు.

"పాతదాంట్ల గూడ పోసిన" అంది రాజవ్వ, ఏ మాత్రం తగ్గకుండా. "మూడు దసరాలు చెంబెడు చెంబెడు పోసిన. అది కిక్కురుమనలే. గీ కొత్తదానికి చెంచెడు ఎక్కువయ్యిందా? దీనికి ఇంత షోకేంది?"

నేను కుర్చీలో కూలబడ్డాను. బకెట్టు అడుగున ఎర్రటి మడ్డి. నేను తూచింది తుప్పు కాదు, కుంకుమ. తొమ్మిదేళ్లని నేను లెక్క కట్టింది జీపు రేడియేటర్ ఆయుష్షు కాదు, రాజవ్వ భక్తి. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను గుడ్డు సంగతి అడగలేదు.

"పాత సెట్టు ఎక్కడ పెట్టినవ్ అవ్వా?" అన్నాను.

బకెట్టులో బీడీల తునికాకు నానుతోంది. పంపు దాని పుట్టింటికి, అంటే ఎయిర్ కూలర్‌లోకి చేరింది. రాగి దిమ్మను చింతపండుతో తోమి తళతళలాడించి, బీడీ కట్టల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టారు. జీపు రేడియేటర్ కోళ్ల గూటికి తలుపైంది. గాలి బాగా ఆడుతుందని రాజవ్వ చెప్పింది. గాలి సంగతి నాకు తెలుసు, దాన్ని కొలిచినవాణ్ని నేనే.

తలుపు తీసేసరికి కోళ్లు సందులోకి దూకాయి. జమ్మి కొమ్మలు కొట్టుకురావడానికి బయలుదేరిన పండుగ జనం కోళ్లను తరిమారు, సాయిలు జనాన్ని తరిమాడు. నేను రేడియేటర్‌ను నల్లా కింద పెట్టి ఈకలు కడిగాను. బకెట్టులో తునికాకు రంగు దిగిన గోధుమ నీళ్లే ఉంచేశాను, అంతకంటే ఇంకేం చెడుతుంది? పంపు, రాగి దిమ్మ మళ్లీ బిగించి మిషన్ తిప్పాను. యాభై ఏడు డిగ్రీలు. గదంతా బీడీ కార్ఖానా వాసన.

ఇక సమయం లెక్క. మిగిలిన పొద్దులో అన్ని పువ్వులతో పని పూర్తికాదు. నేను కూడీ తీసేసీ లెక్క చెప్పాను, తాళి కట్టే దగ్గర పువ్వులూ పాటా తీసేసి, కెమెరాలో పడ్డది పడ్డట్టు వదిలేస్తే సాయంత్రానికి అందుతుందని.

సాయిలు నన్ను కసాయివాణ్ని చూసినట్టు చూశాడు. "తాళికి పువ్వు లేకుంటనా? గక్కడ కరెంటు పోయి చీకటుందన్నా. చీకటి కనబడొద్దనే అతి పెద్ద తామర పెట్టిన."

"పువ్వులు గావాల్నా, పోశెట్టి గావాల్నా?" అన్నాను.

అతను ఒక్కొక్క పువ్వు తీసేస్తుంటే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. రాజవ్వ మెట్ల మీద కూర్చుని కాపలా కాసింది. చేతిలో కుంకుమ భరిణె లేకుండా కూర్చోమని నేనే చెప్పాను.

తీర్పు

అసలు ప్రశ్నకు వస్తాను. కొత్త నీళ్ల సామాను మార్చుకోవడం లాభమా? పాతది మీ మిషన్‌ను ఆగే గీతకు పది డిగ్రీల కింద ఉంచుతుంటే లాభం లేదు. గీతను తాకుతుంటే ఉంది. చప్పుడు, చోటు మీకు ముఖ్యమైతే ఉంది. సన్నటి దారులున్న బిళ్ల శుభ్రమైన నీళ్లున్న గదికి రాజు, పసుపు కుంకుమ ఉన్న ఇంటికి పసిపిల్ల. కాబట్టి డిగ్రీలు కొలిచాక థర్మామీటర్ పక్కన పెట్టి, ఇంట్లోవాళ్లతో చాయ్ తాగండి. దీంట్లో ఎవరేం పోస్తారో, ఏ పండుగకు పోస్తారో అడగండి. కొత్తది కొన్నా మూతకు తాళం చేయించండి. పాతదాన్ని మాత్రం కోళ్లున్న ఇంట్లో దాచకండి.

ఎడపల్లి

సీడీ జేబులో పెట్టుకుని సాయిలూ నేనూ స్కూటర్ మీద ఎడపల్లి చేరేసరికి జమ్మి పంచుకోవడం మొదలైంది. బడి ముందు తెర కట్టారు. ముందు వరుసలో పోశెట్టి, ఆయనకు ఒక పక్క కూతురు, ఇంకో పక్క అల్లుడు. పోశెట్టి ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బడిపిల్లవాడిలా కూర్చున్నాడు.

గణపతి పూజ అయింది. పెళ్లికొడుకు తామరలోంచి వచ్చాడు, జనం ఈలలు వేశారు. ఆ తర్వాత తెర ఒక్కసారిగా చీకటైంది. సాయిలు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతి వేడి డిగ్రీల్లో చెప్పగలను.

చీకట్లో కెమెరా దీపం ఒక్కటే. లీలగా రెండు తలలు. మంత్రాల వెనకాల ఎక్కడో జనరేటర్ దగ్గుతోంది, ఆగుతోంది, మళ్లీ దగ్గుతోంది. దగ్గుకూ దగ్గుకూ మధ్య దాని అమ్మనూ అక్కనూ తిడుతున్న ఒక గొంతు. ఆ గొంతు ఎవరిదో ఊరికి తెలుసు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. పోశెట్టి తల దించుకున్నాడు.

తెర మీద పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. కట్టు, కట్టు అంటున్నాడు అయ్యగారు. పెళ్లికూతురు తల వంచలేదు. మొహం పక్కకు తిప్పి, చీకట్లో ఆ తిట్లు వచ్చే వైపు చూస్తోంది. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. పెళ్లికొడుకు తాళి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. జనరేటర్ ఇంకోసారి దగ్గింది, అందుకుంది, టకటకటక మొదలుపెట్టింది. పందిరంతా ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. అప్పుడు తల వంచింది. అప్పుడే తాళి పడింది.

నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

పోశెట్టి తెర వైపే చూస్తూ కూతుర్ని అడిగాడు. "నువ్వు ఆపినవా బిడ్డా?"

"నీ లైటు రానీ అని ఆపిన బాపూ" అంది.

సాయిలు లేచి వెళ్లి ఆ చోటు మళ్లీ వేశాడు. చీకటి, దగ్గు, తిట్లు, వెలుతురు. వెలుతురు వచ్చినప్పుడు పోశెట్టి లేచి నిలబడి, తెర మీదికి వేలు చూపించి, ఊరందరి వైపూ తిరిగాడు.

"గా లైటు నేనే" అన్నాడు.